సముద్రపు ఒడుదొడుకులు - జలచరముల బ్రదుకు

వికారాబాదు జిల్లాలోని దౌల్తాబాదు సముద్రమునకు చాల దూరమున నున్న ఊరు. తూర్పున బంగాళాఖాతము మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరములో నున్నది. పడమటనున్న అరేబియా సముద్రము అంతకంటెను దూరము. ఇచ్చటి విద్యార్థులలో పెక్కుమంది సముద్రమును పటములో మాత్రమే చూచియుందురు. అయినను ఈ ప్రాంతమునకు సముద్రముతో మూడు విధములైన సంబంధము కలదు.

మొదటిది రాతి సంబంధము. తాండూరు పరిసరములలో గనులనుండి తీసి, ఇండ్లలోను బడులలోను నేలకు పరచెడి నాపబండ సున్నపురాయి జాతికి చెందినది. ఆ బండమీద సజల హైడ్రోక్లోరికామ్లము ఒక చుక్క వేసినచో బుసబుస పొంగును. అట్లు పొంగునది బొగ్గుపులుసు వాయువు. ఈ రాయి ఏబది కోట్ల సంవత్సరములకంటె పాతది. ఒకానొక ప్రాచీన సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొని, కాలక్రమమున గట్టిపడినది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని భీమా శిలాశ్రేణిలో చేర్చుదురు. అనగా నేడు కందిచేలున్న చోట ఒకప్పుడు అలలుండెడివి.

రెండవది నీటి సంబంధము. తాండూరు ప్రక్కగా పారు కాగ్నా నది భీమానదిలో కలియును. భీమ కృష్ణలో కలియును. ఆనకట్టలు ఆపగా మిగిలిన నీరు హంసలదీవి దగ్గర బంగాళాఖాతమును చేరును. ఈ జిల్లాలోని అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది చేయునదియు ఇదే ప్రయాణము.

మూడవది వాన సంబంధము. ఈ నల్లరేగడి నేలలలో పండు తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పంటకు ఆధారము నైరుతి ఋతుపవనములు తెచ్చు వాన. ఆ వానకు పుట్టినిల్లు సముద్రము. సముద్రపు నీటి వేడిమి ఒకచోట పెరిగి, వేరొకచోట తగ్గినచో గాలుల నడక మారును. గాలుల నడక మారినచో వాన తప్పును. అదే కారణమువలన సముద్రములోని చేపలకును ఆహారము తప్పుట కలదు. దౌల్తాబాదు రైతును, తీరమునందలి బెస్తవానిని ఒకే ఏట దెబ్బతీయు ఈ మార్పుల స్వరూపమెట్టిదో, అవి ఎంతకాలమున కొకసారి వచ్చునో, జలచరములపై ఎట్లు పనిచేయునో గ్రహించుట అవసరము.

సముద్రములోని పచ్చిక

నేలమీద గడ్డి లేనిదే మేక లేదు. మేక లేనిదే తోడేలు లేదు. సముద్రములోను ఇట్టి వరుసయే ఉన్నది. అక్కడి పచ్చిక కంటికి కనబడని సూక్ష్మమైన మొక్కల సముదాయము. నీటిలో తేలియాడుచుండుటచేత వీనిని వృక్ష ప్లవకములందురు. వీనిని తిని బ్రదుకు చిన్న జంతువులు జంతు ప్లవకములు. ఈ రెండింటిని తిని కవళ్లు, నెత్తళ్లు వంటి చిన్న చేపలు పెరుగును. చిన్న చేపలను వంజరము, సూర వంటి పెద్ద చేపలును, సముద్రపు పక్షులును తినును. కావున వృక్ష ప్లవకములు తరిగిన ఏడు ఆ లోటు మెట్టు మెట్టుగా పైకి ప్రాకి, చివరకు వల లాగువాని బుట్టను చేరును.

ఈ మొక్కలకు కావలసినవి ముఖ్యముగా రెండు. ఒకటి సూర్యరశ్మి, రెండవది నైట్రేటు, ఫాస్ఫేటు వంటి పోషక లవణములు. మన రైతులు పొలములో చల్లు ఎరువులలో నుండునవియు ఇవియే. చిక్కు ఎక్కడ నున్నదనగా, వెలుతురు సముద్రపు పైపొరలోనే ఉండును. ఎరువు అడుగున నుండును. చచ్చిన జీవుల అవశేషములు క్రిందికి దిగి, అచ్చట కుళ్లి లవణములుగా మారుటయే ఇందుకు కారణము. పైన వెలుతురున్నది, ఎరువు లేదు. క్రింద ఎరువున్నది, వెలుతురు లేదు. క్రింది నీరు పైకి వచ్చినచోటనే సముద్రము పండును.

క్రింది నీరు సులభముగా పైకి రాదు. వెచ్చని నీరు తేలిక, చల్లని నీరు బరువు. అట్లే మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. తేలికైన నీరు పైన మూతవలె పరచుకొనియుండును. దీనిని తరగతిలో చూపుట సులభము. ఒక గాజుగ్లాసులో సగమువరకు ఉప్పునీరు పోసి, అందులో కొంచెము ఎర్రసిరా కలుపవలెను. ఆ మీద ఒక చెంచాను బోరగిల పట్టి, దాని వీపుమీదుగా మంచినీటిని మెల్లమెల్లగా జారవిడువవలెను. రంగులేని నీరు పైనను, ఎర్రని నీరు క్రిందను వేరువేరుగా నిలుచును. నోటితో మెల్లగా ఊదినను అవి కలియవు. చెంచాతో గట్టిగా త్రిప్పినపుడే కలియును. బంగాళాఖాతము ఇట్టి గ్లాసు వంటిదే. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ మొదలగు నదులు తెచ్చు మంచినీరును, పైన కురియు వానయు కలిసి దానిమీద తేలికైన మూతను వేయును. అందుచేతనే అరేబియా సముద్రముతో పోల్చినపుడు బంగాళాఖాతమున ప్లవకముల పంట తక్కువ.

గాలి పైకి తెచ్చు నీరు

ఆ మూతను తొలగించు శక్తి గాలికి కలదు. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచేత, ఉత్తరార్ధగోళమున గాలి తాకిడికి కదలిన పైపొర నీరు, మొత్తముమీద, గాలి వీచు దిక్కునకు కుడిప్రక్కకు జరుగును. ఆంధ్రతీరము నైరుతినుండి ఈశాన్యమునకు సాగియున్నది. వేసవిలో నైరుతి గాలి తీరము వెంబడి వీచునపుడు నేల ఎడమప్రక్కను, సముద్రము కుడిప్రక్కను ఉండును. పై నీరు తీరమును విడిచి లోనికి పోవును. ఆ చోటు నింపుటకు అడుగునుండి చల్లని, సారవంతమైన నీరు పైకి ఉబుకును. వానకాలము గడచిన పిమ్మట గాలి తిరిగి ఈశాన్యమునుండి వీచునపుడు, ఇందుకు విపర్యముగా, పై నీరు తీరమునకు నెట్టబడి క్రిందికి దిగును.

ఈ సంగతి విశాఖపట్టణమువద్దనే కొలతలతో రుజువైనది. అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, వాల్తేరున ఇచ్చటి ఆచార్యులతోను విద్యార్థులతోను కలిసి తీరపు నీటి వేడిమిని, లవణతను కొలిచెను. తూర్పుతీరమున నీరు ఉబుకుటను గూర్చి, దిగుటను గూర్చి ఆయన 1954లో ప్రకటించిన వ్యాసము మన దేశపు సముద్ర విజ్ఞానమునకు తొలి మెట్లలో నొకటి. ఆ పరిశోధకులు తీరము ముందున్న సముద్రగర్భపు లోయలను కనుగొనగా, వానిలో ఒకదానికి ఆంధ్ర అనియు, ఒకదానికి కృష్ణ అనియు పేర్లు పెట్టబడినవి.

ఇది ఏటేట జరుగు మార్పు. ఋతువులవలె ఇది తిరిగి తిరిగి వచ్చును గనుక, చేపలు తమ గ్రుడ్లు పెట్టు కాలమును దీనికి అనుగుణముగా దిద్దుకొన్నవి. గ్రుడ్డు పగిలి పిల్ల బయటపడునప్పటికి నీటిలో మేత సిద్ధముగా నుండవలెను. ఋతువును మించిన దీర్ఘకాలపు మార్పులు వచ్చి ఈ లెక్కను తప్పించినపుడే ఇబ్బంది కలుగును.

పెరూ తీరమునుండి దక్కను వరకు

ఇట్టి మార్పులలో మొదటిది రెండు మొదలు ఏడేండ్ల కొకసారి వచ్చునది. దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు బెస్తవారు దీనిని ఎల్ నినో అనిరి. క్రిస్మసు పండుగ దినములలో తమ తీరమునకు వచ్చు వెచ్చని ప్రవాహమునకు వారు బాలక్రీస్తు పేరు పెట్టుకొనిరి.

పసిఫిక్ మహాసముద్రమున భూమధ్యరేఖ పొడవున గాలి సాధారణముగా తూర్పునుండి పడమటికి వీచును. ఆ గాలి వెచ్చని నీటిని ఇండొనీషియా వైపునకు నెట్టి అక్కడ పోగుచేయును. పెరూ తీరమున చల్లని నీరు పైకి ఉబుకును. ఆ నీటిలో ఆంకోవెటా అను చిన్న చేప లెక్కకు మించి పెరుగును. ఇది మన నెత్తళ్ల కుటుంబములోనిదే. కొన్ని యేండ్లలో ఆ గాలి బలహీనమగును. పోగుపడిన వెచ్చని నీరు తూర్పునకు మరలివచ్చును. పెరూ తీరమున ఉబికెడి నీరు వేడెక్కి సారహీనమగును. ప్లవకములు తరిగి, ఆంకోవెటాలు చెదరును. వానిని నమ్ముకొన్న సముద్ర పక్షులు వేలకొలది ఆకలిచే చచ్చును.

1970లో ఆ తీరమున ఈ చేపలు 1.2 కోట్ల టన్నులకు పైగా పట్టబడెను. ప్రపంచమున ఏ యొక్క జాతి చేపయు అంతకుముందు అంతగా పట్టబడియుండలేదు. 1972లో బలమైన ఎల్ నినో వచ్చినది. 1973 నాటికి పట్టుబడి 20 లక్షల టన్నులకు లోపునకు పడిపోయినది. నీరు వేడెక్కుట ఒక్కటే ఇందుకు కారణము కాదు. మంచి యేండ్లలో మితిమీరి పట్టుటచేత, చెడ్డ యేడు వచ్చునప్పటికి తట్టుకొనగల నిలువ చేపలకు లేకపోయెను. ఈ సంగతి ముందు మరల అవసరమగును.

పెరూ సంగతి దౌల్తాబాదునకు ఎందుకన్న ప్రశ్న సహజము. ఎల్ నినో వచ్చినపుడు వెచ్చని నీటితోపాటు మేఘములు కూడు చోటును తూర్పునకు జరుగును. దాని ఫలితముగా మన ఋతుపవనములు పెక్కుసార్లు బలహీనపడును. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్న 1876-78 నాటి మహాక్షామము దక్కను నంతను పీడించినది. ఆ కాలముననే బలమైన ఎల్ నినో నడిచినది. భారత వాతావరణ శాఖకు 1904లో అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్, ఋతుపవనములను ముందుగా చెప్పు ఉపాయమును వెదకుచు, పసిఫిక్ తూర్పున వాయుపీడనము పెరిగిన కాలమున హిందూ మహాసముద్రమున తగ్గునని, అక్కడ తగ్గినపుడు ఇక్కడ పెరుగునని లెక్కలు కట్టి చూపెను. దీనికాయన దక్షిణ డోలనమని పేరు పెట్టెను. వాకర్ చూపిన గాలిలోని ఊగిసలాటయు, పెరూ బెస్తలు చూచిన నీటిలోని మార్పును ఒకే ప్రక్రియకు రెండు ముఖములని 1969లో జాకబ్ బ్యెర్క్‌నెస్ వివరించెను. 2015లో బలమైన ఎల్ నినో నడచినపుడు దేశమున నైరుతి వర్షము సగటుకంటె నూటికి 14 వంతులు తక్కువ కురిసినది. తెలంగాణము కరువు పాలైనది.

హిందూ మహాసముద్రపు త్రాసు

అయితే ఎల్ నినో వచ్చిన ప్రతి ఏడు కరువు రాదు. 1997లో ఆ శతాబ్దమునందలి మిక్కిలి బలమైన ఎల్ నినోలలో నొకటి వచ్చినను, మన దేశమున వాన సగటునకు కొంచెము మించియే కురిసినది. దీనికి సమాధానము హిందూ మహాసముద్రములోనే దొరకినది. 1999లో ఎన్. హెచ్. సాజి, బి. ఎన్. గోస్వామి, పి. ఎన్. వినయచంద్రన్, తొషియో యమగాత అను శాస్త్రజ్ఞులు ఈ సముద్రమునకును ఒక త్రాసువంటి ఊపు గలదని ప్రకటించిరి. దీనిని హిందూ మహాసముద్ర ద్విధ్రువ మందురు. కొన్ని యేండ్లలో ఆఫ్రికా వైపు తట్ట వేడెక్కి, సుమత్రా వైపు తట్ట చల్లబడును. ఇది ధనదశ. కొన్ని యేండ్లలో ఇందుకు విపర్యముగా జరుగును. అది ఋణదశ. 1997లోను, 2019లోను ధనదశ బలముగా నుండెను. 2019లో దేశమున వర్షము సగటుకంటె నూటికి పది వంతులు హెచ్చు.

రైతునకు మేలుచేసిన యేడు జలచరములకు మేలు చేయునను నియమము లేదు. 1997లో సుమత్రాకు పడమటనున్న మెంతవాయి దీవులచెంత చల్లని, సారవంతమైన నీరు పైకి ఉబికినది. ఇండొనీషియా అడవుల కార్చిచ్చులనుండి ఇనుము కలిసిన బూడిద నీటిపై పడినది. ఎరువు అమితమై, ఎర్రని ప్లవకములు విపరీతముగా పెరిగినవి. అవి చచ్చి కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి పగడపు దిబ్బలు, చేపలు మూకుమ్మడిగా నశించినవి. చెరువులో నాచు మితిమీరి పెరిగినపుడు తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరచుకొని పైకి తేలుట చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును.

భూమధ్యరేఖ దగ్గర గాలిలో కలిగిన మార్పు అక్కడితో ఆగదు. అచ్చట నీటిపొరలలో పుట్టిన విశాలమైన అల సుమత్రా తీరమును తాకి, బర్మా, వంగదేశముల అంచు వెంబడి బంగాళాఖాతమును చుట్టి, ఆంధ్రతీరమును చేరును. ఈ అల కంటికి కనబడునది కాదు. పైనున్న వెచ్చని పొరను కొన్నిచోట్ల పలుచన చేయును, కొన్నిచోట్ల మందము చేయును. వెచ్చని పొర పలుచనైనచో ఎరువు పైకి దగ్గరగును, మందమైనచో దూరమగును. కావున విశాఖ, కాకినాడ ముందర నీటి సారము స్థానికమైన గాలిపైననే కాక, వేల కిలోమీటర్ల దూరమున కొన్ని వారముల క్రిందట వీచిన గాలిపైనను ఆధారపడును.

ఇరువది ముప్పది ఏండ్ల ఊపు

ఏండ్ల లెక్కను వచ్చు ఈ ఊపులకు మీద దశాబ్దముల లెక్కను వచ్చు ఊపు మరియొకటి గలదు. ఉత్తర పసిఫిక్ సముద్రమున సాల్మన్ అను చేప కొన్ని దశాబ్దములు అలాస్కా తీరమున విస్తారముగాను, దక్షిణముననున్న వాషింగ్టన్, ఆరెగాన్ తీరములలో కొద్దిగాను దొరకుట, తరువాత కొన్ని దశాబ్దములు తారుమారగుట గమనింపబడెను. ఈ చేపల లెక్కలను సముద్రపు వేడిమి లెక్కలతో పోల్చి చూచి, 1997లో శాస్త్రజ్ఞులు పసిఫిక్ దశాబ్ద డోలనమను పేరును వాడుకలోనికి తెచ్చిరి. ఇందులో ఒక్కొక్క దశ ఇరువది ముప్పది ఏండ్లు సాగవచ్చును. 1976-77లో ఇట్టి మలుపు వచ్చి, అలాస్కాలో సాల్మన్ పెరిగెను, దక్షిణమున తరిగెను. ఒక దశలో పుట్టి పెరిగిన బెస్తవాడు అదియే సహజస్థితి యని తలచుటలో వింత లేదు. అతని వృత్తి జీవితమంతయు ఒక్క దశలోనే గడచిపోవచ్చును.

మనిషి లెక్కలు వ్రాయక ముందటి సంగతి తెలిసికొనుటకు సముద్రపు బురదయే దస్తావేజు. కాలిఫోర్నియాలోని శాంతా బార్బరా చెంత సముద్రపు అడుగున ప్రాణవాయువు మిక్కిలి తక్కువ. పురుగులు బురదను కెలుకవు గనుక, ఏటి కొక పొర చొప్పున అది చెదరక నిలిచినది. ఆ పొరలలో చేపల పొలుసులున్నవి. వానిని లెక్కించి, సుమారు 1,700 ఏండ్లలో సార్డీను, ఆంకోవీ చేపల హెచ్చుతగ్గులు ఎట్లుండెనో 1992లో ప్రకటించిరి. పెద్ద పెద్ద వలలు, మరపడవలు లేని శతాబ్దములలోను ఈ చేపలు సుమారు అరువది ఏండ్ల కొకసారి విస్తరించి, మరల తరిగినట్లు ఆ పొలుసులు చెప్పినవి. చేపలు తరుగుటకు మానవుడే ఎల్లప్పుడు కారణము కాడని దీనివలన తేలినది. అయితే ఈ వాక్యమును సగముచదివి ఊరకుండుట ప్రమాదకరము.

నూనె కవళ్ల కథ

మన సముద్రములలో ఈ హెచ్చుతగ్గులకు మంచి ఉదాహరణము నూనె కవళ్లు. వీనిని కేరళమున మత్తి అని యందురు. ఈ చేప రెండేండ్లకు కొంచెము మించి మాత్రమే బ్రదుకును. ఒక యేడు నిండునప్పటికి గ్రుడ్లు పెట్టుటకు సిద్ధమగును. నైరుతి ఋతుపవనము మలబారు తీరమున నీటిని ఉబికించిన సమయముననే దీని సంతానము ఆరంభమగును. ఆయువు తక్కువ గనుక, ఒక్క యేడు మేత తప్పినను మరుసటి యేటి చేపల సంఖ్యలో ఆ లోటు కనబడును. పరిస్థితి చక్కబడినచో అంత త్వరగాను కోలుకొనును.

1940 ప్రాంతమున మలబారున ఈ చేప దాదాపు కనుమరుగై, అప్పటి మద్రాసు ప్రభుత్వము 1943లో దీని వేటపై ఆంక్షలు విధించెను. తరువాత అది మరల పెరిగెను. 2012లో కేరళమున సుమారు 3.9 లక్షల టన్నుల నూనె కవళ్లు పట్టబడెను. ఆపై తగ్గుదల మొదలై, 2015లో ఎల్ నినోతో మరింత ముదిరెను. 2021లో దొరికినవి 3,297 టన్నులు మాత్రమే. అనగా తొమ్మిదేండ్ల క్రిందట నూరు బుట్టలు దింపిన చోట ఒక్క బుట్ట. 2023 నాటికి పట్టుబడి మరల లక్ష టన్నులను దాటినది. ఈ పతనమును పరిశీలించిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు రెండు కారణములను చూపిరి. విరివిగా దొరకిన యేండ్లలో గ్రుడ్లు పెట్టవలసిన చేపలను మితిమీరి పట్టుట ఒకటి. సముద్రపు పరిస్థితులు ప్రతికూలించుట రెండవది. ఇది పెరూ కథయే.

నూనె కవళ్ల నెలవును మారినది. 1980 దశాబ్దము నడిమి వరకు ఈ చేప దాదాపు మలబారు ప్రాంతమునకే పరిమితమై యుండెను. తరువాత పడమటి తీరమున ఉత్తరమునకును, తూర్పుతీరమునకును విస్తరించి, తమిళనాడు, ఆంధ్ర బెస్తల వలలలో పడజొచ్చెను. కానగుర్త కథ మరియొక విధము. ఈ చేపకు శాస్త్రమునందలి జాతినామము మన తెలుగు మాటయే. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున చేపలను సేకరించి 1803లో ప్రకటించిన గ్రంథమున స్థానికుల పేరునే వాడగా, తరువాత శాస్త్రజ్ఞుడు క్యువియే దానినే స్థిరపరచెను. సాధారణముగా పైనీటిలో తిరుగు ఈ కానగుర్త ఇప్పుడు లోతైన నీటిలోను ఎక్కువగా పట్టుబడుచున్నది. చల్లదనమును వెదకుచు ఒక చేప ఉత్తరమునకు పోయినది, మరియొకటి లోతునకు దిగినది.

కొన్ని జాతులు చోటు మార్పక కాలమును మార్చుకొన్నవి. మద్రాసు ముందర నెమిప్టెరస్ జపానికస్ అను చేపలో, 1980లో గ్రుడ్లతో నున్నవానిలో నూటికి సుమారు 35 వంతులు వేసవి నెలలలో, అనగా ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు, కనబడెడివి. 2004 నాటికి ఆ పాలు నూటికి అయిదునకు తగ్గెను. తక్కినవన్నియు చల్లని నెలలకు మరలినవి.

ఊపు వేరు, వాలు వేరు

ఇంతవరకు చెప్పినవానిలో కొన్ని ఊపులు. పోయి మరల వచ్చునవి. కాని ఇప్పటి సముద్రమున ఊపుతోపాటు ఒక వాలు కూడ ఉన్నది. దీని భేదమును ఊరి బావి చక్కగా చూపగలదు. బావినీరు ఏటేట వానకాలమున పెరిగి, వేసవిలో తగ్గును. రెండుమూడు కరువులు వరుసగా వచ్చినచో ఇంకను లోతునకు పోయి, మంచి వానలు పడినపుడు మరల పైకి వచ్చును. ఇవి ఊపులు. ఊరిచుట్టు గొట్టపుబావులు పెరిగి, చేరు నీటికంటె తోడు నీరెక్కువైనచో మట్టము మొత్తముమీద క్రిందికి జారును. ఇది వాలు. మూడేండ్లు మాత్రమే కొలిచినవాడు ఊపును చూచి వాలనుకొనవచ్చును. వాలును చూచి ఊపనుకొనవచ్చును. మొదటివాడు అనవసరముగా భయపడును. రెండవవాడు అనవసరముగా ధైర్యపడును. రెండవ పొరపాటే ఎక్కువ నష్టకరము.

బొగ్గు, పెట్రోలు మండించుటచేత గాలిలో పెరిగిన బొగ్గుపులుసు వాయువు భూమిమీద నిలిపివేయుచున్న అదనపు వేడిమిలో నూటికి తొంబది వంతులకు పైగా సముద్రమే పీల్చుకొనుచున్నది. ఉష్ణమండల హిందూ మహాసముద్రపు పైనీరు 1951 నుండి 2015 వరకు సుమారు ఒక సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కినది. అదే కాలమున ప్రపంచ సముద్రముల సగటు పెరుగుదల 0.7 డిగ్రీ. ఒక్క డిగ్రీయే కదా యని తేలికగా తలపరాదు. మనిషి దేహమున ఒక డిగ్రీ హెచ్చినచో జ్వరమందుము. చేప రక్తము నీటి వేడిమినే అనుసరించును. నీరు వేడెక్కినకొలది చేప దేహమునకు ప్రాణవాయువు ఎక్కువ కావలెను. అదే నీటిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును. పైపొర తేలికయై మూత గట్టిపడును గనుక అడుగు ఎరువు పైకి వచ్చుటయు కష్టమగును.

కదలలేని జీవులకు ఈ వాలు మరింత కఠినము. పగడపు జీవులు తమ దేహములలో సూక్ష్మమైన మొక్కలకు చోటిచ్చి, వానివలన ఆహారమును, రంగును పొందును. నీరు మితిమీరి వేడెక్కినపుడు ఆ మొక్కలు వెళ్లగొట్టబడి పగడములు తెల్లబారును. వేడిమి త్వరగా తగ్గినచో కోలుకొనును, తగ్గనిచో చచ్చును. 1998లో లక్షదీవులలోను, అండమానులోను, మన్నారు సింధుశాఖలోను పగడములు విస్తారముగా తెల్లబారినవి. 2010లోను, 2016లోను ఇట్టిదే జరిగినది. వెనుకటి ఎల్ నినోలలోను నీరు వేడెక్కెడిది. ఇప్పుడు ఆ ఊపు ఎత్తైన మెట్టుమీదనుండి మొదలగుచున్నది. రెండు దెబ్బల నడుమ పగడము కోలుకొను వ్యవధి తగ్గుచున్నది.

ఇచ్చట బురదలోని పొలుసులు చెప్పిన మాటను పూర్తిగా చదువవలెను. చేపలు మానవుని ప్రమేయము లేకయే తరిగి పెరిగిన మాట నిజము. కాని అవి మరల పెరుగుటకు కారణము, చెడ్డదశలోను కొన్ని పెద్ద చేపలు మిగిలియుండుట. ప్రకృతి తగ్గించిన సమయముననే మనిషియు విడువక పట్టినచో ఆ మిగులు మిగులదు. కరువు ఏట విత్తనపు గింజలను సైతము వండుకొన్న ఇంటికి మరుసటి యేడు వాన వచ్చినను చేను లేదు. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషేధింపబడుచుండుట ఈ విత్తనమును కాపాడుటకే. ఆ దినములలో పస్తుండు కుటుంబములకు ఆదరువు కల్పించుటయు ఈ రక్షణలో భాగమే. లేనిచో నియమము కాగితముపైననే నిలుచును.

కొలతయే కన్ను

ఊపునుండి వాలును వేరుచేయు ఉపాయ మొక్కటే: చాలకాలము, విడువక, ఒకే విధముగా కొలుచుట. సముద్రమున ఈ పనిని ఇప్పుడు పెద్ద ఎత్తున చేయుచున్నారు. ఆర్గో యను పేరుగల సుమారు నాలుగువేల స్వయంచాలక తేలుడు యంత్రములు ప్రపంచ సముద్రములన్నిటను తిరుగుచున్నవి. ఒక్కొక్కటి వేయి మీటర్ల లోతున కొట్టుకొనిపోవుచు, పది దినముల కొకసారి రెండువేల మీటర్ల లోతునకు దిగి, అక్కడినుండి పైకి వచ్చుచు దారి పొడవున వేడిమిని, లవణతను కొలిచి, ఉపగ్రహము ద్వారా తీరమునకు వార్త పంపును. మన దేశమున ఈ వార్తలను కూర్చు భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము 1999లో హైదరాబాదున స్థాపింపబడినది. సముద్రము లేని నగరమున సముద్రపు కచ్చేరీ యుండుట వింతగా తోచవచ్చును. కాని ఉపగ్రహమునకు తీరమును దక్కనును ఒక్కటే. నీటి వేడిమిని, పైనీటిలోని పచ్చదనమును ఉపగ్రహములు తెలుపగా, వెచ్చని నీరు చల్లని నీరు కలియు అంచులను గుర్తించి, చేపలు చేరదగిన చోట్లను ఈ కేంద్రము బెస్తవారికి తెలుపుచున్నది. వెదకులాటలో ఖర్చగు నూనె, కాలము కలిసివచ్చును.

అయితే చేప ఉన్న చోటును చూపు జ్ఞానము, చేప ఎంత మిగిలియున్నదో తెలుపు జ్ఞానముతో జతపడవలెను. మొదటిది మాత్రమే పెరిగినచో మిగిలిన కొద్దిపాటియు త్వరగా పట్టుబడును. వేడిమి లెక్కలతోపాటు ఏ రేవున, ఏ జాతి, ఎంత పరిమాణమున, ఏ వయసులో దింపబడినదో వ్రాసి యుంచుట అందుకే అవసరము.

ఈ పద్ధతి పాఠశాలలకును వర్తించును. ఒకచోటి శీతోష్ణస్థితి ఇట్టిదని చెప్పుటకు శాస్త్రజ్ఞులు ముప్పది ఏండ్ల సగటును తీసికొందురు. ఒక వర్షమాపకము, ఒక ఉష్ణమాపకము, ఒక లెక్కపుస్తకము ఉన్నచో ఏ బడియైనను ఈ పనిని ఆరంభింపవచ్చును. దినమునకు రెండు నిమిషములు చాలును. వ్రాసిన విద్యార్థి పదియేండ్లకు వెళ్లిపోవును, పుస్తకము మాత్రము తరువాతి తరగతి చేతికి వచ్చును. ఎల్ నినో యేడు, ద్విధ్రువపు ధనదశ వచ్చిన యేడు ఆ పుటలలో గుర్తుపెట్టి, ఆ యేటి వానను, కంది దిగుబడిని, కేరళ కవళ్ల లెక్కను ప్రక్కప్రక్కన వ్రాసి పోల్చినచో, పటములోని నీలిరంగు పొలములోని నల్లరేగడికి ఎంత దగ్గరి చుట్టమో ఆ విద్యార్థులకు వేరుగా బోధింపనక్కర లేదు.